1855లో లింకన్ తన ఓట్లు ట్రంబుల్‌కి ఇప్పించడం సరైనదేనా?

మొదటి పోస్ట్:
మన రాజ్యసభ లాగే, 1913 దాకా అమెరికాలో సెనేటర్లని రాష్ట్రాల శాసనసభ్యులే ఎన్నుకునేవారు. 1854 నవంబరులో లింకన్ ఇల్లినాయ్ శాసనసభకి గెలిచాడు. అయితే ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం శాసనసభ్యుడు సెనేట్‌కి ఎన్నిక కాకూడదు. సెనేటర్ కావాలన్నది లింకన్ కోరిక, అందుకని గెలిచిన సీటు వదులుకుని, ఊరూరా ఉన్న సభ్యులకి మద్దతు అడుగుతూ ఉత్తరాలు రాశాడు. రెండు సభల్లో కలిపి 100 మంది. వాళ్ళ పేర్లు, ఎవరు ఏ పక్షమో స్వయంగా జాబితా వేసుకున్నాడు. ఫిబ్రవరి 8న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదటి రౌండులో అతనికి 44, డెమొక్రాట్ల అభ్యర్థి షీల్డ్స్‌కి 41, నెబ్రాస్కా చట్టాన్ని వ్యతిరేకించిన డెమొక్రాట్ ట్రంబుల్‌కి 5 వచ్చాయి. చివరికి పదో రౌండులో గెలిచింది ట్రంబుల్! 44 మంది ఐదుగురికి లొంగడం ఏం న్యాయం? నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జవాబు:
మధ్యలో జరిగింది మీరు వదిలేశారండీ. ఏడో రౌండులో డెమొక్రాట్లు షీల్డ్స్‌ని పక్కన పెట్టి గవర్నర్ మాటెసన్‌ని ముందుకు తెచ్చారు. తొమ్మిదో రౌండుకి ఆయనకి 47, ట్రంబుల్‌కి 35, లింకన్‌కి మిగిలింది 15. ఇంకో మూడు నాలుగు ఓట్లు పడితే, నెబ్రాస్కా చట్టం తెచ్చిన సెనేటర్ డగ్లస్ వర్గం గెలిచేది. అంటే, బానిసత్వం కొత్త ప్రాంతాలకి పాకడానికి దారి తీసిన ఆ చట్టానికి గెలుపు. అలాంటప్పుడు పట్టు పట్టి కూర్చుంటే లింకన్‌ని మనం తలుచుకునేవాళ్ళమా? ఆ 15 మందినీ ట్రంబుల్ వైపు వెళ్ళమన్నాడు. 51తో గట్టెక్కారు.

మరో జవాబు:
ఆ ఐదుగురిని తిట్టడం కూడా తప్పే. జడ్, పామర్, కుక్ వాళ్ళు నెబ్రాస్కా చట్టాన్ని వ్యతిరేకించినా, డెమొక్రాట్లుగా గెలిచినవాళ్ళు. లింకన్ లాంటి విగ్ పార్టీ (డెమొక్రాట్ల ప్రత్యర్థి పక్షం) మనిషికి ఓటేస్తే తమ ఊళ్ళో ముఖం ఎలా చూపిస్తారు? 1860లో చికాగోలో అధ్యక్ష అభ్యర్థిగా లింకన్ పేరు ప్రతిపాదించింది ఆ జడ్డే.

మొదటి పోస్ట్ పెట్టినవారు:
జడ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఉత్తరాలతో, జాబితాతో అంత కష్టపడిన మనిషి సొంత జిల్లానే సరిగ్గా చూసుకోలేదు. వదులుకున్న సీటుకి డిసెంబరులో ఉప ఎన్నిక వస్తే, అక్కడ డెమొక్రాట్ గెలిచాడు. ఒక్కో ఓటూ లెక్కపెట్టే చోట చేతిలో ఉన్న ఓటు పోయింది. నా దృష్టిలో అసలు పొరపాటు అది.

జవాబు:
అది నిజమే. ఆ ఒక్క ఓటుతో ఆయన గెలిచేవాడని మాత్రం నేననుకోను, మొదటి రౌండులోనే ఆరేడు తక్కువ పడ్డాయి కదా. ఎన్నిక మర్నాడు మిత్రుడు వాష్‌బర్న్‌కి లింకన్ రాసిన ఉత్తరం చూడండి. తన ఓటమి ఇచ్చిన బాధకన్నా మాటెసన్ ఓటమి ఇచ్చిన సంతోషమే ఎక్కువ అన్నాడు. ఈ ట్రంబులే తర్వాత సెనేట్ న్యాయ కమిటీ అధ్యక్షుడిగా, బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణని ముందుకు నడిపాడు.