గుడ్ ఫ్రైడే ఏడు మాటలు: మొదటి మాట ఎవరు చెబుతారు? (వాలంటీర్లు చూడగలరు)

కోఆర్డినేటర్:
అందరికీ వందనాలు. బ్రిస్బేన్‌లో హాల్ ఖాయమైంది, పన్నెండు నుంచి మూడు వరకు మనదే. యేసు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఆరింటిమీద మాట్లాడటానికి పేర్లు వచ్చాయి, మొదటిదానికే, అదే "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అన్నదానికే, ఎవరూ ముందుకు రావట్లేదు. ఎందుకో మనందరికీ తెలుసు. క్రిస్మస్ లెక్కల గొడవ తర్వాత రెండు కుటుంబాలు కూడికకు రావడం మానేశాయి, వచ్చేవాళ్ళలో కూడా కొందరు పార్కింగ్‌లో ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోతున్నారు. గ్లాడిస్ స్టెయిన్స్ గారి గురించి చెబితే బాగుంటుందని నా ఆలోచన. ఆమెది మన క్వీన్స్‌లాండే, అయినా మన పిల్లలకు ఆ పేరే తెలియదు. 1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, బండిలో నిద్రపోతున్న ఆమె భర్త గ్రాహంను, పదేళ్ళ ఫిలిప్‌ను, ఆరేళ్ళ తిమోతిని తగలబెట్టేశారు. ఆమె క్షమించానని చెప్పి, కూతురు ఎస్తేరుతో బారిపదలోనే ఉండి కుష్ఠు రోగుల మధ్య పని కొనసాగించారు, 2004లో గానీ ఇక్కడికి తిరిగి రాలేదు.

సండే స్కూల్ టీచర్:
తప్పకుండా చెప్పాలి బ్రదర్, కానీ "అంత జరిగినా ఆమె క్షమించింది, మీదెంత" అన్న ధోరణిలో మాత్రం వద్దు, అలా చెబితే దెబ్బ తిన్నవాళ్ళే తల దించుకోవాల్సి వస్తుంది. మత్తయి సువార్త 18లో అప్పు మాఫీ అయిన దాసుడి ఉపమానం చూడండి. దేనారం అంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి, కాబట్టి నూరు దేనారాలంటే మూడు నెలలకు పైగా కష్టం. ప్రభువు ఆ బాకీ లేదనలేదు, పదివేల తలాంతులు, అంటే తీర్చలేనంత అప్పు, మాఫీ అయినవాడు దానికోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడని చెప్పాడు. ఇంకోటి, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళు కూడా ఆ కుర్చీల్లో ఉంటారు. వాళ్ళ చెవికి ఇది "సర్దుకుపోమ్మా" అని వినబడకూడదు, క్షమించడం వేరు, మళ్ళీ ఆ చేతికి దొరకడం వేరు. గ్లాడిస్ గారు క్షమించినా కేసు ఆగలేదు, ఆ హత్యల్లో ప్రధాన దోషి దారా సింగ్‌కు యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

కిచెన్ టీమ్:
మూడింటికి పులిహోర, పెరుగన్నం మా బాధ్యత. నాదొక్క మనవి, అందరినీ స్టేజీ మీదికి పిలిచి చేతులు కలిపించి ఫొటోలు తీయడం ఈసారి వద్దు. పోయినసారి అలా చేతులు కలిపినవాళ్ళే భోజనాల దగ్గర ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు, వడ్డించింది నేనే.

యూత్ నుంచి:
అన్నా, అర్పణ బలిపీఠం దగ్గర వదిలేసి ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో ఉంది కదా. అయితే గుడ్ ఫ్రైడే దాకా ఆగడం ఎందుకు? ఆ రెండు కుటుంబాలు అడిగింది రసీదులు. కమిటీవాళ్ళు అవి పట్టుకుని రెండిళ్ళకూ వెళ్ళాలి. బైబిల్లో సుంకరి జక్కయ్య ఊరికే సారీ చెప్పలేదు, నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

ఒక ఆంటీ:
బాబూ, మొదటి మాట నాకివ్వండి. తెనాలి దగ్గర మా నాన్న పొలం పంపకాల్లో నా వాటా మా అన్నయ్య రాయించేసుకున్నాడు. ఏళ్ళ తరబడి పండగకు కూడా ఫోన్ లేదు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల్లో రోజూ ఆయన పేరు పెట్టి ప్రార్థన చేయాలనుకుని మోకరిస్తే, మొదట్లో ఆ పేరు దగ్గర గొంతు పెగిలేది కాదు, అయినా మానలేదు. పొలం తిరిగి రాలేదు, ఆయన ఒప్పుకోనూ లేదు. ఇప్పటికీ ఏదన్నా పెళ్ళిలో ఆ మాటొస్తే మంట లేస్తుంది, ఆ రాత్రి మళ్ళీ మోకరిస్తాను. నాకు తెలిసింది ఇంతే, ప్రసంగం చేయడం రాదు.

కోఆర్డినేటర్:
ఆంటీ, మొదటి మాట మీదే, పదిహేను నిమిషాలు. గ్లాడిస్ గారి సంగతి సండే స్కూల్ సిస్టర్ పిల్లల క్లాసులో చెబుతారు. స్టేజీ కార్యక్రమం తీసేశాను. రసీదులు ట్రెజరర్ గారి దగ్గరున్నాయి, శనివారం సాయంత్రం నేనూ ఆయనా రెండిళ్ళకూ వెళ్తున్నాం, ముందే ఫోన్ చేసి అడిగాకే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలు ఎవరింట్లో ఉన్నా హాల్‌కి తీసుకురండి, పోయినసారి చాలలేదు.