పలాజోలు కట్టబట్టే ఫ్లోరెన్స్ బ్యాంకులు దివాలా తీశాయా?

పద్దుచిట్టా:

15వ శతాబ్దంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ బ్యాంకర్లు వ్యాపారంలో తిరగాల్సిన డబ్బును పలాజోల (తాముండే రాతి మహళ్ల) కోసం రాళ్లకూ సున్నానికీ తగలేశారు, అందుకే వాళ్ల బ్యాంకులు నిలవలేదు. ఇదీ నా వాదన. కాదంటే లెక్క చూపించి కాదనండి.

మెడిచి బ్యాంకును 1397లో జొవాన్ని ది బిచ్చి 10 వేల ఫ్లోరిన్ల మూలధనంతో మొదలుపెట్టాడు. అందులో ఆయన సొంత వాటా 5,500. ఆయన మునిమనవడు లొరెంజో తన చిట్టాలో రాసుకున్న అంకె ఏమిటో తెలుసా? 1434 నుంచి 1471 వరకు భవనాలకు, దానధర్మాలకు, పన్నులకు కలిపి 6,63,755 ఫ్లోరిన్లు. ఫ్లోరిన్‌కు మూడున్నర గ్రాముల మేలిమి బంగారం చొప్పున వేసినా 2,300 కిలోలు దాటుతుంది. జొవాన్ని కొడుకు కోసిమో కట్టించిన పలాజో ఒక్కదానికే 60 వేలు అయ్యుంటుందని ఆ కాలం వాళ్లే అంచనా కట్టారు. మరో బ్యాంకరు ఫిలిప్పో స్ట్రోజ్జీ సంగతీ అంతే. 1489 ఆగస్టు 6న, జ్యోతిష్కుడు పెట్టిన ముహూర్తానికి పునాది వేశాడు, 1491లో పోయాడు. ఇల్లు పూర్తిచేసే బాధ్యతను వీలునామాలో కొడుకుల నెత్తిన పెట్టిపోయాడు. అది 30 వేల ఫ్లోరిన్లకు పైనే మింగింది. ఆ డబ్బు బ్యాంకులో ఉండి ఉంటే?

రాతిపని:

మీ మొదటి అంకెతోనే చిక్కుంది, పద్దుచిట్టా గారూ. అందులో పన్నులూ దానధర్మాలూ కలిసి ఉన్నాయి, భవనాల వాటా ఎంతో లొరెంజో విడిగా రాయలేదు. దాన్ని మొత్తంగా రాళ్ల ఖాతాలో వేయడం న్యాయం కాదు.

రెండోది, అందరూ మరిచేది, పన్ను. 1427లో వచ్చిన కతాస్తో పన్ను ప్రకారం ప్రతి కుటుంబం పొలాలు, వ్యాపార వాటాలు, ప్రభుత్వ రుణపత్రాలు అన్నీ చూపించి వాటి విలువ మీద పన్ను కట్టాలి. తాము నివసించే ఇల్లు, అందులోని సామాను మాత్రం ఆ లెక్కలోకి రావు. అంటే బ్యాంకులో ఉన్న వెయ్యి ఫ్లోరిన్ల మీద పన్ను పడుతుంది, గోడలో ఉన్న వెయ్యి మీద పడదు. పైగా 1489లో, ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు కట్టిన వాళ్లకు 40 ఏళ్ల మినహాయింపు ఇస్తూ చట్టం చేశారు. స్ట్రోజ్జీ పునాది వేసింది కూడా ఆ ఏడాదే.

మూడోది ఖర్చు తీరు. పలాజో మొత్తం చెక్కుడు రాయి కాదు. వీధి వైపు కనిపించే మేరకే పియెత్రాఫోర్తె రాయి వాడేవాళ్లు, వెనక గోడలు బండరాయీ ఇటుకా సున్నమే. ఆ రాయి కూడా దూరం నుంచి రాలేదు, ఆర్నో నదికి దక్షిణాన బోబొలి దగ్గరి క్వారీల్లోనే దొరికేది. మెడిచి పలాజో ముఖభాగం చూడండి. కింది అంతస్తులో ముడిరాళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి, మధ్య అంతస్తులో రాళ్లు చదును, అతుకుల దగ్గర గాడి మాత్రమే కనిపిస్తుంది, పై అంతస్తు పూర్తిగా నున్నగా ఉంటుంది. వాస్తుశిల్పి ఆల్బెర్తి రూపకల్పన అని చెప్పే రుచెల్లాయి వంశం పలాజోలో పొదుపు ఇంకో మెట్టు ఎక్కింది. ముఖభాగం మీద కనిపించే గాళ్లు చాలాచోట్ల రాళ్ల అసలు అతుకులే కావు. పెద్ద రాయి మీద గాడి తీసి రెండు రాళ్లలా చూపించారు. పక్క స్థలం చేతికి రాక కుడి అంచు అసంపూర్తిగానే ఆగిపోయింది, ఇప్పటికీ తెగిన రాళ్లు అలాగే కనిపిస్తాయి.

పని కూడా ఏళ్ల తరబడి సాగేది. మేస్త్రీలకూ కూలీలకూ ఆ ఏడాది లాభంలోంచి వారం వారం ఇచ్చుకుంటూ పోయేవాళ్లు. మూలధనం ఒక్కసారిగా ఎవరూ తీయలేదు.

హుండీబజారు:

రాతిపని గారి పన్ను మాట సరైనదే. కానీ అసలు రోగం ఉన్నది ఫ్లోరెన్స్‌లో కాదు, మెడిచి బ్యాంకు బయటి బ్రాంచిల్లో: బ్రూజ్‌లో, లండన్‌లో, లియోన్‌లో. బ్యాంకు డబ్బు ఎలా సంపాదించేదో చూడకుండా ఎలా పోగొట్టుకుందో అర్థం కాదు.

వడ్డీ మీద చర్చి నిషేధం ఉంది కాబట్టి అప్పును మారకపు హుండీగా రాసేవాళ్లు. మన షావుకార్ల హుండీ లాంటిదే, కాకపోతే చెల్లింపు వేరే ఊళ్లో, వేరే నాణెంలో జరగాలి. ఉదాహరణకు వెనిస్‌లో ఒకరికి 500 డుకాట్లు ఇచ్చి, డుకాట్‌కు 47 పెన్నీల చొప్పున లండన్‌లో చెల్లేలా హుండీ రాయించుకున్నారనుకోండి. మూడు నెలల గడువు తీరాక లండన్‌లో 23,500 పెన్నీలు, అంటే 97 పౌండ్ల 18 షిల్లింగుల 4 పెన్నీలు చేతికొస్తాయి. అక్కడ డుకాట్ ధర 44 పెన్నీలు. ఆ సొమ్ముతో వెనిస్‌కు తిరుగు హుండీ కొంటే ఇంకో మూడు నెలలకు 534 డుకాట్లు. ఆరు నెలలకు నూటికి దాదాపు 7. వెనిస్ ధర లండన్ ధరకన్నా మామూలుగా ఎక్కువే ఉండేది కాబట్టి లాభం మిగిలేది. ధరలు తిరగబడితే నష్టం కూడా వచ్చేది, ఆ ప్రమాదం ఉన్నందుకే చర్చి దాన్ని వడ్డీ అనలేదు.

ఇక్కడే చిక్కు. హుండీ తిరిగి రావాలంటే అక్కడి నుంచి ఇటలీకి ఏదో సరుకు రావాలి. రోమ్‌కు పోపు ఆదాయం ఉత్తరం నుంచి వచ్చేది, పట్టు, మసాలాలు, పటిక ఇటు నుంచి అటు పోయేవి. బదులుగా ఇటలీకి కావలసిన సరుకు ఒక్కటే, ఇంగ్లండ్ ఉన్ని. దాని ఎగుమతికి లైసెన్సు ఇచ్చేది రాజు. ఎడ్వర్డ్ 4 అప్పు ఇస్తేనే లైసెన్సు ఇస్తాననేవాడు. లండన్ మేనేజరు కనిజ్యాని ఇచ్చాడు, మళ్లీ ఇచ్చాడు. వద్దంటే ఉన్ని రాదు, ఉన్ని రాకపోతే ఉత్తరాన డబ్బు ఇరుక్కుపోతుంది. అంతకుముందు బ్రూజ్ బ్రాంచి నడిపిన ఆంజెలో తానీని లండన్ పంపి చక్కదిద్దాలని చూశారు, 1470ల మొదట్లో ఆ బ్రాంచి మూతపడింది, బాకీలు బ్రూజ్ నెత్తిన పడ్డాయి.

బ్రూజ్ కథ ఇంకా ఘోరం. 1455 నాటి ఒప్పందం చూస్తే మెడిచీలకు ఎంత జాగ్రత్త ఉండేదో తెలుస్తుంది. మూలధనం 3,000 పౌండ్ల గ్రోట్ (అక్కడి డబ్బు లెక్క). మెడిచీలది 1,900, ఇంకో భాగస్వామి పిల్యీది 600, అక్కడే ఉండి నడపాల్సిన తానీది 500. పెట్టుబడిలో ఆరో వంతు పెట్టినవాడికి లాభంలో ఐదో వంతు. దానికి బదులు కట్టడులు: వర్తకులకూ చేతిపని పెద్దలకూ తప్ప అప్పివ్వకూడదు, ప్రభువులకు గానీ మతాధికారులకు గానీ అసలే వద్దు. తానీ తర్వాత వచ్చిన తొమ్మాజో పోర్తినారి ఆ గీత చెరిపించేశాడు. 1471 ఒప్పందంలో బర్గండీ డ్యూక్ చార్లెస్‌కు 6,000 పౌండ్ల వరకు ఇవ్వొచ్చని రాయించుకున్నాడు, అదీ దాటాడు. 1477 జనవరి 5న నాన్సీ యుద్ధంలో చార్లెస్ చచ్చేసరికి బాకీ బ్రాంచి మూలధనానికి దాదాపు మూడింతలు.

పద్దుచిట్టా:

బాగుంది. పోర్తినారి డ్యూక్ దగ్గర ఆ హోదా ఎలా సంపాదించాడో కూడా చెప్పండి. 1466లో బ్రూజ్‌లో బ్లాడెలిన్ మహల్ కొన్నారు కదా, బ్యాంకు బ్రాంచికి. మిలాన్‌లో అక్కడి ప్రభువు ఫ్రాంచెస్కో స్ఫోర్జా ఇచ్చిన ఇంటిని మహా వైభవంగా తిరిగి కట్టారు. దాని ద్వారబంధం ఇప్పుడు స్ఫోర్జా కోటలోని మ్యూజియంలో ఉంది. రాజు ఇంట్లో కూర్చున్నవాడు రాజుకు అప్పివ్వకుండా ఉండగలడా? భవనం ఖర్చు చిన్నదే కావొచ్చు, అది తెచ్చిన బుద్ధి చిన్నది కాదు.

హుండీబజారు:

క్రమం తిరగేస్తున్నారు. ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ 3కి అప్పులిచ్చి ఫ్లోరెన్స్ బ్యాంకర్లే అయిన పెరుజ్జీలు 1343లో, బార్దీలు 1346లో కూలిపోయారు. అప్పటికి ఈ తరహా పలాజోలు ఒక్కటీ లేవు. ఉన్ని మీద రాజుకున్న పట్టు మాత్రం అప్పుడూ ఉంది.

రాతిపని:

ఇంకో చిన్న సంగతి. మెడిచి పలాజోలోనే బ్యాంకు నడిచిందని చాలామంది అనుకుంటారు. మెడిచీలు ఊళ్లో వ్యాపారం చేసే బల్ల పోర్తా రోస్సా వీధిలో, మెర్కాతో నువొవో సంత దగ్గర ఉండేది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, ఒక చిట్టా, ఒక డబ్బు సంచి, అంతే. వ్యాపారానికి వాళ్లు పెట్టిన భవన ఖర్చు అదీ.

ఖాతాతనిఖీ:

ఇంతసేపూ ఫ్రాంచెస్కో సస్సెత్తి పేరు ఎవరూ ఎత్తలేదేం? 1463 నుంచి 1490లో పోయేదాకా బ్రాంచిలన్నిటి మీదా ఆయనే పెద్ద. ప్రతి బ్రాంచీ మార్చి 24న ఖాతా మూసి (ఫ్లోరెన్స్ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలు) బ్యాలెన్స్ షీట్ పంపాలి. ఆ షీట్‌లో బాకీదార్ల పేర్లు వరుసగా ఉంటాయి. చేయాల్సిన పని ఒక్కో పేరూ తీసి ఇది వసూలవుతుందా లేదా అని అడగడం, రాని వాటికి లాభం పంచకముందే సొమ్ము పక్కన పెట్టించడం. లియోన్‌లో లియొనెత్తో దె రొస్సి మొండి బాకీలకు ఏమీ పక్కన పెట్టకుండా ఏటా లాభాలు చూపించాడు. సస్సెత్తి నమ్మాడు. 1485లో రొస్సిని ఫ్లోరెన్స్ పిలిపించి ఖైదులో పెట్టేనాటికి లోపల ఏమీ మిగల్లేదు. మెడిచీల ప్రతి బ్రాంచీ విడి భాగస్వామ్యం కాబట్టి ఒకటి మునిగితే చట్టప్రకారం ఇంకొకటి మునగదు. ఆ ఏర్పాటు గొప్పది. కానీ పైనున్నవాడు షీట్ చదవకపోతే దానివల్ల ఉపయోగం లేదు. అదే 1485లో శాంతా ట్రినితా చర్చిలో సస్సెత్తి ప్రార్థనామందిరానికి చిత్రకారుడు గిర్లాందాయో కుడ్యచిత్రాలు పూర్తయ్యాయి.

పద్దుచిట్టా:

సస్సెత్తి తప్పు ఒప్పుకుంటాను. అయినా నా అసలు అభ్యంతరం అలాగే ఉంది. ఈ బ్యాంకుల చేతిలో రొక్కం ఎప్పుడూ తక్కువే, మొత్తం ఆస్తుల్లో పదో వంతు కూడా ఉండేది కాదు. డిపాజిట్ల మీద మాత్రం నూటికి 8 నుంచి 10 ఇవ్వాలి. అలాంటప్పుడు కష్టకాలంలో అమ్ముకోగల ఆస్తి ఉండాలి. పలాజో అమ్మడానికి లేదు. రుచెల్లాయి లాంటి వాళ్లు వంశం బయటికి ఇల్లు పోకూడదని వీలునామాలో కట్టడి చేశారు. కుదువ పెట్టడానికీ లేదు, పంచుకోవడానికీ లేదు. పన్ను తప్పించుకున్న డబ్బు రొక్కంగా మారనే మారదు.

హుండీబజారు:

ఆ మాట ఒప్పుకుంటాను, కానీ దాని బరువు ఎంతో తూచండి. 1464లో కోసిమో పోగానే కొడుకు పియెరో ఊళ్లో ఇచ్చిన అప్పులు వెనక్కి అడిగాడు. రొక్కం కోసం చేయగలిగింది అదే. ఫలితంగా ఫ్లోరెన్స్‌లో వరసగా వర్తకులు దివాలా తీశారు, శత్రువులు పెరిగారు. ఇల్లు అమ్ముకునే వీలుంటే గండం కొన్నాళ్లు వాయిదా పడేదేమో. కానీ చార్లెస్ దగ్గర, ఎడ్వర్డ్ దగ్గర ఇరుక్కున్నది వెనక్కి వచ్చేది కాదు. పైగా 1476లో పోపు గనుల పటిక అమ్మే కాంట్రాక్టు పోటీ బ్యాంకర్లు పాజ్జీలకు పోయింది. మొదటి ఇరవై ఏళ్లకు పైగా మొత్తం లాభంలో సగానికి మించి తెచ్చిన రోమ్‌లోనే పట్టు జారాక, ఏ ఇంటి ధరా ఆ గుంత పూడ్చేది కాదు.