వేడెక్కగానే ఆగిపోతున్న అంబాసిడర్: తప్పు కాయిల్‌దా, కండెన్సర్‌దా?

మా ఇంట్లో 1978 నాటి మార్క్ 3 అంబాసిడర్ ఉంది, 1489 సీసీ పెట్రోలు ఇంజన్. ఉదయం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. అరగంట నడిచి, ట్రాఫిక్‌లో కాసేపు నిలిస్తే చాలు, దగ్గుతున్నట్టు ఊగి ఆగిపోతుంది. చల్లారాక ఏమీ జరగనట్టే మళ్లీ నడుస్తుంది.

పెట్రోలు అందకపోవడం కాదని నాకు నమ్మకం. ఆగిన వెంటనే కార్బురేటర్ మూత తీసి చూస్తే ఫ్లోట్ గదిలో పెట్రోలు నిండుగానే ఉంది. నిప్పురవ్వకు కావలసిన హై వోల్టేజీని ఇచ్చే కాయిల్ నుంచి వచ్చే లావు వైరును ఇంజన్‌కు దగ్గరగా పట్టి సెల్ఫ్ కొడితే మాత్రం, చల్లగా ఉన్నప్పుడు నీలంగా చిటపటలాడే నిప్పురవ్వ ఇప్పుడు పసుపురంగులో సన్నగా వస్తోంది. ఆ కరెంటును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే, కాయిల్‌కు కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్ల మధ్య మెరుపులు. కొత్త పాయింట్లే, ఫీలర్ గేజ్‌తో 0.38 మిల్లీమీటర్ల సందు పెట్టాను. అయినా ఒకవైపు గుంట, మరోవైపు మొటిమ అప్పుడే మొదలయ్యాయి. అందుకే ఆ మెరుపులను అణచాల్సిన కండెన్సర్‌ను అనుమానిస్తున్నాను. కానీ కాయిల్ కూడా చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. చల్లగా ఉన్నప్పుడు దాని ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పారే తీగచుట్ట) మల్టీమీటర్‌లో 3 ఓముల దగ్గర చూపిస్తోంది.

మెకానిక్ అన్నీ ఒకేసారి మార్చేద్దామంటున్నారు. అసలు కారణం తెలియకుండా మార్చడం నాకు ఇష్టం లేదు. వేడి మీద కాయిల్‌ను నమ్మకంగా పరీక్షించడం ఎలా? డిస్ట్రిబ్యూటర్ లోపలి సన్నని ఎర్త్ వైరు తెగినా ఇలాగే అవుతుందా? విజయవాడ ఆటోనగర్‌లో గానీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ మన్నికైన కండెన్సర్ కొన్నవారు ఉంటే, కొనేముందు ఏం చూడాలో దయచేసి చెప్పండి.