అప్‌డేట్: టూరు బస్సుల జనం ఇప్పుడు దుకాణాల్లోకీ వస్తున్నారు

మా పేటకు టూరు బస్సులు వస్తున్నా జనం ఫోటోలు దిగి వెళ్లిపోతున్నారు, చిన్న వ్యాపారులకు ఒరిగేదేమీ లేదు, ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అన్నిటికన్నా పనిచేసింది దింపే చోటు, ఎక్కించుకునే చోటు వేరు చేయడం. బస్సు వీధి ఈ చివర దింపేసి, ఖాళీగా వెళ్లి అవతలి చివర ఆగుతుంది. బస్సు నిండా ఉన్న 40, 50 మందీ వీధంతా నడవాల్సిందే. ఇదివరకు బస్సు కళ్లెదుటే ఉండేసరికి ఎవరూ దూరం కదిలేవారు కాదు. షెడ్యూలు తప్పుతుందని టూరు కంపెనీవాళ్లు మొదట ఒప్పుకోలేదు. డ్రైవరుకు ఎలాగూ ఇవ్వాల్సిన విరామం మా దగ్గరే ఇవ్వండి అంటే దారికొచ్చారు.

ఇంకోటి, శుభ్రమైన టాయిలెట్. అది ఉన్న దుకాణంలోకే ముందు వెళ్తున్నారు, వెళ్లినవాళ్లు ఏదో ఒకటి కొంటున్నారు కూడా.

గైడ్లకు కమీషన్ మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. ఇచ్చుకోగలిగినవాళ్ల దగ్గరికే జనాన్ని తీసుకెళ్తారు, చిన్నవాళ్లకు అన్యాయం. బదులుగా అన్ని దుకాణాలూ ఉన్న మ్యాప్‌ను బస్సులోనే పంచుతున్నారు.

రెండు బస్సులు ఒకేసారి వస్తే ఇప్పటికీ టెన్షనే. వచ్చే టైమును ముందురోజే వాట్సాప్‌లో పంపమని అడిగాం, ఇంకా ఒప్పుకోలేదు.