హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ మాస్టర్స్‌లో చేరాను, నర్సింగ్ నుంచి వచ్చినవాళ్ళు ముందు ఏం పట్టుకోవాలి?

ఐసీయూ_నర్స్:
అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ చేసి ఐసీయూలో పనిచేశాను, ఇప్పుడు హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ (హాస్పిటల్ డేటాని కంప్యూటర్లలో ఎలా దాచాలి, వాడాలి అనే చదువు) మాస్టర్స్‌లో చేరాను. క్లాసులో సగం మంది సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాళ్ళే, వాళ్ళకి పైథాన్, ఎస్‌క్యూఎల్ అన్నీ వచ్చు, నాకు ఎక్సెల్ దాటితే ఏమీ రాదు. ఇంట్రడక్షన్ పేపర్ మొదటి యూనిట్లోనే ఐసీడీ, స్నోమెడ్ సీటీ, లాయింక్, హెచ్ఎల్7, ఫైర్ (FHIR), డైకామ్ అని వరసపెట్టి వచ్చేశాయి, ఎన్నిసార్లు చదివినా అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయి. ఇన్ని స్టాండర్డ్స్ ఎందుకండీ, ఒక్కటి సరిపోదా? ముందు కోడింగ్ నేర్చుకోవాలా, ఇవి చదవాలా? ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఎవరైనా కాస్త చెప్పండి ప్లీజ్.

ల్యాబ్_ఇంటర్‌ఫేస్:
కోడింగ్ సంగతి తర్వాత చూద్దామండి, ముందు ఆ పేర్ల గొడవ తేల్చుకుందాం. అవన్నీ ఒకే పని చేయవు, అందుకే ఒక్కటి సరిపోదు. విడివిడిగా బట్టీ పట్టకుండా ఒక్క రిజల్ట్ తీసుకుని దాని వెంటే వెళ్ళండి.

షుగర్ టెస్ట్ తీసుకోండి. ఒక ల్యాబ్ 126 అని ఇస్తుంది, ఇంకో ల్యాబ్ 7 అని ఇస్తుంది, రెండూ ఒకటే, మొదటిది మిల్లీగ్రామ్స్ పర్ డెసిలీటర్, రెండోది మిల్లీమోల్స్ పర్ లీటర్, 7ని 18తో గుణిస్తే 126. మీకు చూడగానే తెలుస్తుంది, కంప్యూటర్‌కి మనం చెప్తేనే తెలుస్తుంది. ఏ టెస్టు, ఏ శాంపిల్, ఏ రకం కొలత అని చెప్పడానికే లాయింక్ ఉంది. సీరమ్ లేదా ప్లాస్మా గ్లూకోజ్ మిల్లీగ్రామ్స్ లెక్కలో అయితే 2345-7, మోల్స్ లెక్కలో అయితే 14749-6, అదే ఫాస్టింగ్ అని కూడా చెప్పాలంటే 1558-6. చూశారా, మనం నోటితో షుగర్ అనేసే దానికే ఇన్ని కోడ్‌లు.

డాక్టర్ ఆ రిజల్ట్ చూసి టైప్ 2 డయాబెటిస్ అని రాస్తారు. రికార్డులో ఆ క్లినికల్ అర్థాన్ని వివరంగా పట్టి ఉంచేది స్నోమెడ్ సీటీ, గణాంకాలకీ బిల్లింగ్‌కీ ఒక గుంపులో వేసేది ఐసీడీ, ఐసీడీ-10లో అయితే ఈ11 (ఐసీడీ-11 కూడా 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, సిలబస్‌లో ఏది ఉందో చూసుకోండి). ఇవన్నీ కలిపి ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి పంపడానికి పెట్టే కవరు లాంటిది ఫైర్, అందులో మన షుగర్ అబ్జర్వేషన్ అనే రిసోర్స్‌గా వెళ్తుంది. హెచ్ఎల్7 అనేది 1987లో మొదలైన సంస్థ, ఫైర్ వాళ్ళదే, వాళ్ళ పాత వెర్షన్ 2 మెసేజ్‌లు కూడా హాస్పిటల్స్‌లో ఇంకా బాగా నడుస్తున్నాయి కాబట్టి అది వదిలేయొద్దు. డైకామ్ స్కాన్ ఇమేజ్‌లకి.

సెకండ్_ఇయర్:
పైన చెప్పింది కరెక్ట్. కోడింగ్ విషయానికొస్తే ముందు ఎస్‌క్యూఎల్, పైథాన్ తర్వాత. డేటాని టేబుల్స్‌లో అడగడం వస్తే మొదటి సెమిస్టర్‌కి చాలు. ప్రాక్టీస్‌కి ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో మిమిక్-4 అనే హాస్పిటల్ డేటా డెమో ఉంది, 100 మంది పేషెంట్లది, ఎవరైనా దించుకోవచ్చు, మొత్తం డేటా కావాలంటే మాత్రం ట్రైనింగ్ పూర్తి చేసి పర్మిషన్ తీసుకోవాలి. అందులో ఐసీయూ రీడింగ్స్ టేబుల్‌లో చార్ట్‌టైమ్, స్టోర్‌టైమ్ అని రెండు టైమ్ కాలమ్స్ ఉంటాయి. మొదటిది రీడింగ్ ఏ టైమ్‌దో చెప్తుంది, రెండోది అది సిస్టమ్‌లోకి ఎప్పుడు ఎక్కిందో లేదా ఎప్పుడు వెరిఫై అయిందో చెప్తుంది. ఈ రెండూ ఎందుకు కలవవో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఎవరైనా చెప్పాలి, మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే మీ బలం అండి, నిజంగా.

ఫార్మసీ_సైడ్:
స్టాండర్డ్స్, ఎస్‌క్యూఎల్ ముఖ్యమే కానీ ఇంట్రో పేపర్‌లో అసలు మనసు పెట్టాల్సింది సిస్టమ్ వచ్చాక వార్డులో పని ఎలా మారుతుంది అన్నదాని మీద అని నా గట్టి అభిప్రాయం. 2005లో జామా అనే మెడికల్ జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది, డాక్టర్లు కంప్యూటర్‌లో మందుల ఆర్డర్ పెట్టే సిస్టమ్ మీద. తప్పులు తగ్గించడానికి పెట్టిన ఆ సిస్టమే 22 రకాల మెడికేషన్ ఎర్రర్ రిస్క్‌లకి దారి తీస్తోందని తేలింది. ఒక పేషెంట్ మందులన్నీ ఒక్క స్క్రీన్‌లో కనపడకపోవడం, పక్క పేషెంట్ పేరు మీద క్లిక్ పడటం, ఇలాంటివి. పేషెంట్ మాత్ర మింగేదాకా జరిగే పనంతా తెలిసినవాళ్ళు ఆ డిజైన్ దగ్గర ఉండాలి, నర్సులు ఈ కోర్సులోకి వస్తుంటే నాకు అందుకే సంతోషం.

ఐసీయూ_నర్స్:
అందరికీ చాలా థాంక్స్, షుగర్ ఉదాహరణతో మొదటిసారి ఆ పేర్లు విడివిడిగా కనపడ్డాయి. ఆ రెండు టైమ్‌ల సంగతి చదవగానే మా వార్డు గుర్తొచ్చింది, ఒక పేషెంట్ క్రాష్ అయితే (పరిస్థితి ఉన్నట్టుండి విషమిస్తే) అందరం అక్కడే ఉంటాం, బీపీలు పేపర్ మీద గీకి పెట్టుకుని అంతా సర్దుకున్నాక ఎక్కిస్తాం. టర్మ్ పేపర్ దీని మీద రాయొచ్చా?

సెకండ్_ఇయర్:
తప్పకుండా రాయండి. డెమోలో బీపీ, హార్ట్ రేట్ తీసుకుని రెండు టైమ్‌ల మధ్య తేడా లెక్కేయండి, రోజులో ఏ గంటలో ఎక్కువ ఉందో చూడండి. 100 మందే కాబట్టి పెద్ద నిర్ణయాలు రాయొద్దు. ఇంకోటి, ప్రైవసీ కోసం ఒక్కో పేషెంట్ తేదీలన్నీ ఒక్కోలా జరిపారు, ఒకే పేషెంట్ లోపల గ్యాప్‌లు కరెక్ట్‌గానే ఉంటాయి కానీ ఇద్దరు పేషెంట్ల తేదీలు పక్కపక్కన పెట్టి పోల్చకండి. క్వెరీ దగ్గర ఆగిపోతే ఇక్కడే పెట్టండి, చూస్తాను.