బ్యాంబూజుల్‌కి మన తెలుగు మాట ఏది? (8వ తరగతి హోంవర్క్, రేపటికి కావాలి)

కాలవగట్టు (విజయవాడ):
మా అమ్మాయికి స్కూల్లో "బ్యాంబూజుల్" అనే ఇంగ్లీషు మాట ఇచ్చారు. నాలుగు పర్యాయపదాలు, రోజూ మాట్లాడుకునేట్టు రెండు వాక్యాలు, సరిపోయే ఒక తెలుగు మాట రాసుకురావాలట. డిక్షనరీలో మోసగించు, తికమకపెట్టు అని ఉంది. "మోసం అంటే పోలీసు కేసులా ఉంది నాన్నా, ఇది నవ్వొచ్చే మాట" అని పిల్ల ఒప్పుకోవట్లేదు. ఇంకో డౌటు, పరీక్షలో లెటర్ రాసేటప్పుడు ఇది వాడొచ్చా?

పటమట_పిన్ని:
బురిడీ కొట్టించడం. ఆలోచించక్కర్లేదు. మొన్ననే నన్ను కొట్టించారు. అట్టపెట్టె మామిడికాయలు, "నూజివీడు సరుకమ్మా" అన్నాడు. పైవరస బంగినపల్లి, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఇంటికొచ్చి తీస్తే కింద రెండు వరసలూ కలెక్టర్ కాయలు! ముక్కు చూస్తేనే తెలిసిపోయే కాయల్ని గడ్డి కప్పి నాకు అంటగట్టాడు. మంగళగిరి పానకాలస్వామి కూడా సగం పానకం పుచ్చుకుని సగం మనకే వదిలేస్తాడు. వీడు రూపాయి వదల్లేదు.

నాలుగోలైను (గుంటూరు):
పిన్నిగారూ, మా బ్రాడీపేటలో పెట్టె బోర్లించి చూడందే జేబులో చెయ్యి పెట్టం. మాటంటారా, టోపీ పెట్టడం. పెద్ద మొత్తమైతే కుచ్చుటోపీ. ఇంకా పెద్దదైతే శఠగోపం.

మెట్లదారి (మంగళగిరి):
శఠగోపం మాట వెనక్కి తీసుకోండి. గుళ్లో తల మీద పెట్టేది స్వామివారి పాదాలు. నమ్మాళ్వార్‌కి శఠకోపుడని పేరు, దాన్నుంచే ఆ పేరొచ్చింది. దొంగపనికి ఆ మాట వాడటం, అదీ చిన్నపిల్ల హోంవర్క్‌లో, ఏం పద్ధతి?

నాలుగోలైను:
నేను పుట్టించానా అండీ? మా తాత నోట విన్నా. పంగనామాలు పెట్టాడని అనని ఇల్లుందా మన జిల్లాలో? ఆ నామం కూడా స్వామిదేగా. దానికీ కోపమొస్తుందా?

మెట్లదారి:
వస్తుంది. నలుగురూ అంటే తప్పు ఒప్పయిపోదు.

మిర్చిటిక్కీ:
మెట్లదారి గారూ, మీరు మొన్న ఫ్లైఓవర్ చర్చలో "కాంట్రాక్టర్ నామం పెట్టాడు" అని రాశారు. వెనక్కి వెళ్లి చూసుకోండి.

మెట్లదారి:
అది ఆవేశంలో వచ్చింది. అయినా నామం వేరు, శఠగోపం వేరు.

మిర్చిటిక్కీ:
అంటే మీకొస్తే ఆవేశం, మాకొస్తే అపచారం. సరే.

కొండపల్లి_బొమ్మ:
గొడవెందుకు గానీ, బ్యాంబూ అంటే వెదురు కదా. వెనకటికి వెదురుకర్రతో బెదిరించి దోచుకునేవాళ్లేమో, అలా వచ్చుంటుంది. ఈ మాట చూడగానే నాకు మాత్రం బొంగులో చికెన్ గుర్తొచ్చింది.

ఇంగ్లీషు_మాస్టారు:
32 ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెప్పాను. ఊహలతో పిల్లని పాడు చేయకండి. వెదురుకీ ఈ మాటకీ సంబంధం లేదు. ఎక్కడ పుట్టిందో పండితులే ఇదమిత్థంగా తేల్చలేదు. 300 ఏళ్ల కిందటే లండన్‌లో కుర్రాళ్ల వాడుక మాట. గలివర్ కథ రాసిన జోనథన్ స్విఫ్ట్ 1710లో టాట్లర్ అనే పత్రికలో, భాషని చెడగొడుతున్న కొత్త మాటలంటూ మాబ్ (అల్లరిమూక), బ్యాంటర్ (వేళాకోళం)లతో పాటు దీన్నీ తిట్టిపోశాడు. మాబ్ ఇవాళ పేపర్లలో దర్జాగా తిరుగుతోంది. ఇదింకా అల్లరి మాటగానే మిగిలింది. పలికేటప్పుడు 'బూ' మీద ఒత్తాలి.
పర్యాయపదాలు: ట్రిక్, ఫూల్, డూప్, హుడ్‌వింక్. హుడ్‌వింక్ అంటే మొదట్లో అక్షరాలా కళ్లకు గంతలు కట్టడమే. హార్న్‌స్వాగుల్ అని అమెరికావాళ్ల మాట ఇంకొకటుంది, 8వ తరగతికి అక్కర్లేదు.

కొండపల్లి_బొమ్మ:
మాస్టారూ, డూప్ అంటే ఫైట్ సీన్లో హీరో బదులు దూకేవాడు కదా?

ఇంగ్లీషు_మాస్టారు:
అది మన సినిమావాళ్ల డూప్, డూప్లికేట్‌కి పొట్టిపేరు. ఇంగ్లీషులో డూప్ అంటే మోసపోయినవాడు, మోసగించడం కూడా. ఈ ప్రశ్న ఏటా ఒకడు అడిగేవాడు.

నాలుగోలైను:
డూప్‌ని చూసి హీరోనే దూకాడనుకునే మనం ఇంగ్లీషు డూపులం అన్నమాట.

హైదరాబాద్‌లో_ఉన్నా:
మస్కా కొట్టడం ఎవరూ చెప్పలేదేం?

పటమట_పిన్ని:
మస్కా అంటే వెన్న బాబూ. హిందీలో మస్కా పెట్టడమంటే పొగడ్తలతో కాకా పట్టడం.

హైదరాబాద్‌లో_ఉన్నా:
మా ఊరు తెనాలి. అప్పులవాడు ఎదురొస్తే మస్కా కొట్టి సందులోకి జారుకోవడం అంటాం, అందులో వెన్న ఎక్కడుంది? ఇక్కడ ఆఫీసులో మాత్రం మేనేజర్‌కి కొట్టేది వేరే మస్కా. రెండూ వాడుకలో ఉన్నాయి.

సింగ్‌నగర్:
మీకు ఇదంతా సరదాగా ఉంది. "కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి కనెక్షన్ తీసేస్తాం" అని మా నాన్నకి మెసేజ్ వచ్చింది. ఆ నంబరుకి ఫోన్ చేసి, వాడు చెప్పిన యాప్ ఎక్కించుకున్నాడు. పింఛను డబ్బు మొత్తం పోయింది. పోయిన డబ్బుకన్నా, ఆయన నాలుగు రోజులు మాతో కూర్చుని అన్నం తినకపోవడం ఎక్కువ బాధ. దాన్ని బురిడీ, టోపీ అంటే ఒళ్లు మండుతుంది. అది దొంగతనం.

పటమట_పిన్ని:
అయ్యో. 1930కి చేశారా? సైబర్ నేరాలకి ఆ నంబరే. ఎంత తొందరగా చేస్తే డబ్బు వాడి చేతికి పోకముందే ఆపే వీలు అంత ఉంటుంది.

సింగ్‌నగర్:
మాకు చెప్పడానికి సిగ్గుపడి రెండు రోజులు దాచాడు పిన్నిగారూ. ఇంకేం ఆపుతారు.

ఇంగ్లీషు_మాస్టారు:
నీ కోపం సరైనదే తమ్ముడూ. ఇంగ్లీషులోనూ అంత దారుణానికి ఫ్రాడ్ అంటారు. బ్యాంబూజుల్‌లో కాస్త మాటల గారడీ ఉండాలి, పోయినవాడు కూడా తర్వాత తలకొట్టుకుని నవ్వుకునేట్టుండాలి. ఆ మామిడికాయల పెట్టె సరిగ్గా అదే.

పటమట_పిన్ని:
నేనింకా నవ్వట్లేదు మాస్టారూ.

మిర్చిటిక్కీ:
అలాగైతే బకరాని చేయడం దగ్గరగా ఉంటుంది. ఏప్రిల్ ఒకటిన చేసేది అదేగా. మా మరదలు నాకు కాఫీలో ఉప్పు కలిపిచ్చిన రోజు... సరే, అది వద్దులే.

నాలుగోలైను:
బకరా తెలుగెలా అయింది? వెర్రివెంగళప్పని చేయడం అని రాయమనండి.

మెట్లదారి:
అది బాగుంది. ఏ దేవుడి జోలికీ పోలేదు.

మిర్చిటిక్కీ:
వెంగళప్ప అనే పేరున్న పెద్దాయన మా బజార్లోనే ఉన్నాడు. ఆయన్ని పిలవమంటారా చర్చలోకి?

కాలవగట్టు:
అందరికీ దండాలు. మాస్టారు చెప్పిన నాలుగూ రాసుకుంది. తెలుగు మాట దగ్గర "బురిడీ కొట్టించడం" రాసి, పక్కన చిన్నక్షరాలతో "డబ్బు పోతే ఈ మాట వాడకూడదు" అని తనే చేర్చింది. నేను చెప్పలేదు. ఒక వాక్యం మామిడికాయల మీద. రెండోది నా మీద: "బీసెంట్ రోడ్‌లో ఐస్‌క్రీం అని చెప్పి మా నాన్న నన్ను బ్యాంబూజుల్ చేసి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు." నిజమే, కాదనలేను. లెటర్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లీషు_మాస్టారు:
ఫ్రెండ్‌కి రాసే లెటర్లో వాడొచ్చు. హెడ్‌మాస్టరుకి రాసే లీవ్ లెటర్లో వద్దు.

కొండపల్లి_బొమ్మ:
పిన్నిగారూ, ఆ కలెక్టర్ కాయలు ఏం చేశారు? పప్పులోకి బాగుంటాయి.

పటమట_పిన్ని:
పప్పులోకి ఎన్నని వేస్తాం? మిగిలినవి ముక్కలు కోసి ఉప్పూ కారం చల్లి డాబా మీద పెట్టా. కోతి ఎత్తుకెళ్లింది.