రూం 38, ప్రాసెసర్ 90: ఫ్యాన్లు గిర్నీ లెక్క మోగుతున్నయ్, ఏం చేయాలె?

వార్ధాఒడ్డు (బల్లార్షా):

అన్నలకు నమస్తే. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియో మిక్సింగ్ చేసే పీసీ ఇది. మార్చి దాటినకాడి నుంచి రెండరింగ్ (మిక్స్ చేసిన వీడియోను ఫైలుగ తయారుచేసుడు) పెడితే పిండి గిర్నీ పక్కన కూసున్నట్టే ఉంటుంది. చలికాలంల ఇంత లొల్లి లేదు.

రైజెన్ 5 5600 ప్రాసెసర్, దాన్ని చల్లబరిచే కూలర్ డబ్బాల వచ్చిందే (రైత్ స్టెల్త్). ఎంఎస్ఐ బీ450 బోర్డు, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, ఒక ఎస్ఎస్‌డీ, ఒక 2 టీబీ హార్డ్‌డిస్క్. కేబినెట్ ముందర మొత్తం అద్దం, దాని వెనక లైట్ల ఫ్యాన్లు మూడు, వెనక్కి గాలి తోసేది ఒకటి. మూడేండ్ల కింద బిగించింది, ఇంతవరకు విప్పలేదు. టేబుల్ కింది అరల పెట్టి ఉంది, మూడు దిక్కులా చెక్క.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోల చూస్తే ఖాళీగ ఉన్నప్పుడు ప్రాసెసర్ వేడి 54–58 డిగ్రీలు, రెండరింగ్‌ల 90. అక్కడికి పోయి ఆగుతుంది, ఇంక ఎక్కదు. సీపీయూ (ప్రాసెసర్) ఫ్యాన్ నిమిషానికి 2700 చుట్లు దాటుతుంది. రూంల థర్మామీటర్ 38 చూపిస్తుంది. డెజర్ట్ కూలర్ పక్క రూంల ఉంది.

దుకాణపాయన లిక్విడ్ కూలర్ వెయ్యాలె, వేరే దారి లేదు అంటున్నడు. నిజమేనా? 90తోని ప్రాసెసర్ ఖరాబ్ అయితదా?

గంజాంగాలి (బరంపురం):

ఖరాబవదండీ. 5600కి తయారీదారు పెట్టిన హద్దే 90. అక్కడికి చేరగానే అది తనంతట తనే క్లాక్ (పనిచేసే వేగం) తగ్గించుకుంటుంది. పోయేది ప్రాసెసర్ కాదు, మీ టైము.

ముందు 90లోంచి రూం 38 తీసేయండి. 52 మిగిలింది. కూలరు, కేబినెట్టు కలిసి ఎంత బాగా పనిచేస్తున్నాయో చెప్పేది ఆ 52 ఒక్కటే. మీ రూం 22 ఉండే జనవరిలో ఇదే పనికి 74, 76 దగ్గర ఆగేది, ఫ్యాన్ ఇంత మోగేది కాదు. మిషను మారలేదు, రూం మారింది. బోర్డుకి రూం వేడి తెలీదు కదా, ప్రాసెసర్ వేడి చూసి ఫ్యాన్ తిప్పుతుంది. మనకి ఖాళీగా ఉన్నప్పుడే 55 ఉంటోంది కాబట్టి నోట్‌ప్యాడ్ తెరిచినా ఫ్యాన్ ఎగిరిపడుతుంది.

ఇప్పుడు వేడి ఎక్కడ ఇరుక్కుందో పట్టుకోవాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఒకే వీడియో, ఒకే సెట్టింగు, ప్రతిసారీ 15 నిమిషాలు రెండర్ చేయండి:

మొదట ఉన్నది ఉన్నట్టు. రెండోది, కేబినెట్‌ని అరలోంచి బయటికి లాగి, వెనక గోడకి జానెడు దూరం ఉంచి. మూడోది, ముందు అద్దం ఊడదీసి. నాలుగోది, పక్క అద్దం కూడా తీసి.

ప్రతిసారీ వేడితో పాటు క్లాక్ ఎంత గిగాహెర్ట్‌జ్ ఉందో కూడా రాసుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే. మీది హద్దుకి తగిలి ఉంది కాబట్టి గాలి మెరుగైనా వేడి 90 దగ్గరే కనిపించొచ్చు. ఆ లాభమంతా క్లాక్ పెరగడంలోకి పోతుంది. వేడి ఒక్కటే చూస్తే ఏమీ మారలేదనిపిస్తుంది.

లైట్ల ఫ్యాన్ల తీగలు ఎక్కడికి వెళ్లాయో కూడా చూడండి. ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా) నుంచి వచ్చే నాలుగు పిన్నుల పెద్ద తెల్ల కనెక్టర్‌కి పోతే వాటికి కంట్రోలే లేదు, ఎప్పుడూ ఫుల్ స్పీడే.

మిర్చియార్డు (ధర్మాబాద్):

తమ్మీ, మూడేండ్లు విప్పలేదంటివి, అందుల బల్లార్షా. బొగ్గు లారీలు పొయ్యే రోడ్డు పక్కన ఇల్లుంటే హీట్‌సింక్ రేకుల నడుమ నల్లటి కంబళి పరిచినట్టు ఉంటది. మా దిక్కు మిర్చి దుమ్ము, నీ దిక్కు బొగ్గు, రకం వేరేగానీ పని ఒకటే. ఆయన చెప్పిన పరీక్ష ముందుగాల చెయ్యి, తర్వాత కడుగుడు. లేకుంటే దేనితోని ఎంత లాభమయిందో తెల్వది.

ప్లగ్ తీసెయ్యి, పవర్ బటన్ పది సెకన్లు పట్టుకో. కేబినెట్ వాకిట్లకు తే, మూతికి గుడ్డ కట్టుకో. 500–600 వాట్ల చేతి బ్లోయర్ చాలు. కంప్రెసర్ దుకాణానికి తీస్కపోకు, దాని గాలిల నీళ్లు, నూనె తుంపర్లు వస్తయ్.

బ్లోయర్ కొట్టేటప్పుడు ప్రతి ఫ్యాన్‌ను వేలితోనో పుల్లతోనో ఆపి పట్టుకో. ఇది మరువకు. గాలికి ఫ్యాన్ గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటది, పైగా డైనమో లెక్క తనే కరెంటు పుట్టించి బోర్డుకు ఎక్కిస్తది. బ్లోయర్ ముక్కు జానెడు దూరంల ఉంచు.

సీపీయూ ఫ్యాన్ మీదికెల్లి ఊదితే దుమ్ము ఇంకింత లోపలికి దిగుతది. పక్కలకెల్లి, రేకుల సందులకు సూటిగ కొట్టు. రాకుంటే పొడి పెయింట్ బ్రష్ ఆడించు. ఫ్యాన్ రెక్కల అంచులకు పట్టిన జిగట దుమ్ము ఊదితే పోదు, కొద్దిగ తడి గుడ్డతోని తుడువు. రెక్క అంచు గరుకైతే గూడ సౌండ్ పెరుగుతది.

ఎస్ఎంపీఎస్ విప్పకు. ప్లగ్ తీసినంక గూడ అందుల కెపాసిటర్లు కరెంటు పట్టుకొని ఉంటయ్. బయటి జాలిలకెల్లి ఊదు, చాలు.

వార్ధాఒడ్డు (బల్లార్షా):

ముందుగాల పరీక్షలు చేసిన, తర్వాత సాఫ్ చేసిన. రూం పొద్దంతా 37–38ల్నే ఉంది.

ఉన్నది ఉన్నట్టు: 90, 3.85 గిగాహెర్ట్‌జ్
అరల నుంచి బయటికి: 90, 4.0
ముందు అద్దం తీస్తే: 87, 4.2
పక్కది గూడ తీస్తే: 86, 4.2
సాఫ్ చేసి, అద్దాలు తిరిగి పెట్టినంక (అర బయటనే): 88, 4.2

వేడి మారకున్నా క్లాక్ మారింది, మీరు చెప్పిందే. లైట్ల ఫ్యాన్లు మూడూ ఆ తెల్ల కనెక్టర్‌కే ఉన్నయ్. ముందు అద్దానికీ ఫ్రేముకూ నడుమ సందు చిటికెనవేలు గూడ పట్టదు. లిక్విడ్ కూలర్ వెయ్యాల్నా వద్దా?

గంజాంగాలి (బరంపురం):

వద్దు. 5600 డబ్బా మీద 65 వాట్లు అని ఉంటుంది, సాకెట్ దగ్గర హద్దు 76 వాట్లు. ఆ మాత్రం వేడికి పంపు, గొట్టాలు, రేడియేటరు ఎందుకు? నాలుగు హీట్‌పైపులున్న టవర్ కూలర్ సరిపోతుంది. పైగా రేడియేటర్ బిగించేది ఆ ముందు అద్దం వెనకే అయితే దానికీ అదే ఊపిరాడని గాలి.

దోషి ఎవరో మీ అంకెలే చెప్పేశాయి. ముందు అద్దం తీస్తే వచ్చిన లాభం పక్క అద్దం తీస్తే రాలేదు. ఫ్యాన్లకి తాగడానికి గాలి లేదు. అద్దం బిగించే నాలుగు మూలల్లో రబ్బరు బుష్‌లు, పొడుగు మరలు వేసి 15–20 మిల్లీమీటర్లు ముందుకి జరపండి. హార్డ్‌వేర్ కొట్లో పది, ఇరవై రూపాయల పని. ఆ సందులోంచి దుమ్ము రాకుండా ఫ్యాన్ల ముందు కిటికీలకి కొట్టే నైలాన్ దోమల జాలి ఒక్క పొర పెట్టండి. బొగ్గు పొడి దానికి ఆగదు గానీ నూగు, వెంట్రుకలు ఆగుతాయి. రెండు పొరలు వేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పదిహేను రోజులకోసారి కడగాలి.

ఎలాగూ కేబినెట్ మారుద్దామనుకుంటే ముందు జాలి ఉన్నది తీసుకోండి, అద్దం జోలికి పోకండి.

ఫ్యాన్లు ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి చాలు. లోపలికొచ్చే గాలి బయటికి పోయేదానికంటే కాస్త ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము లాక్కోదు. మూడో లైట్ల ఫ్యాన్ పీకేసినా నష్టం లేదు, సమాన శబ్దం చేసే మూడింట్లో ఒకటి ఆపితే దాదాపు 2 డెసిబెల్స్ తగ్గుతుంది. మిగతా రెంటి స్థానంలో నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్లు (బోర్డు స్పీడు మార్చగలిగేవి) వేసి బోర్డుకి కలపండి. స్పీడు సగానికి దింపితే శబ్దం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది, గాలి మాత్రం సగమే తగ్గుతుంది. చిన్న ఫ్యాన్ గట్టిగా తిరగడం కంటే పెద్దది మెల్లగా తిరగడం మేలనేది అందుకే.

నాగావళి (రాయగడ):

కూలర్ మార్పు గురించి నేను రాస్తాను, ఏఎం4 సాకెట్‌లో (బోర్డు మీద మీ ప్రాసెసర్ కూర్చునే చోటు) ఒక గొయ్యి ఉంది.

డీప్‌కూల్ ఏకే400 లాంటిది తీసుకోండి. ఎత్తు 155 మిల్లీమీటర్లు. మీ కేబినెట్‌కి ఎంత పడుతుందో దాని డబ్బా మీద 'సీపీయూ కూలర్ హైట్' అని ఉంటుంది, కొనేముందు చూసుకోండి. ర్యామ్ ఎత్తుగా ఉండి ఫ్యాన్ కాస్త పైకి జరపాల్సి వస్తే ఆ మేరకు ఎత్తు పెరుగుతుందని గుర్తుంచుకోండి.

పాత కూలర్ చల్లగా ఉన్నప్పుడు పీకొద్దు. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసిన మూడేళ్ల పేస్ట్ గట్టిపడి అంటుకుని ఉంటుంది. నిటారుగా లాగితే లాక్ వేసి ఉన్నా సరే, ప్రాసెసర్ సాకెట్లోంచి ఊడి కూలర్‌తో పాటే వచ్చేస్తుంది. ఈ ప్రాసెసర్‌కి పిన్నులు కిందనే ఉంటాయి కాబట్టి అవి వంగితే కథ ముగిసినట్టే. పది నిమిషాలు రెండర్ పెట్టి వేడెక్కించి, ఆపి, ప్లగ్ తీసి, నాలుగు మరలూ ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేసి, కూలర్‌ని అటూ ఇటూ తిప్పండి. తిరగడం మొదలయ్యాకే పైకి ఎత్తండి. మరలు పూర్తిగా విప్పాక బోర్డు వెనకున్న ప్లేటు జారిపోతుంది, ఒక చేత్తో పట్టుకోండి.

పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాని గుడ్డతో తుడవండి. ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత పేస్ట్ చాలు, వేలితో పులమకండి. కొత్త కూలర్ కింద ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, అది తీయడం మరిచిపోతే పాతదే నయమనిపిస్తుంది. మరలు మళ్లీ ఎదురెదురుగానే, ఆగేదాకా బిగించండి. గాలి వెనక ఫ్యాన్ వైపు పోవాలి.

ఇక బయాస్ (పీసీ ఆన్ చేయగానే తెరుచుకునే బోర్డు సెట్టింగులు). హార్డ్‌వేర్ మానిటర్‌లో సీపీయూ ఫ్యాన్ పీడబ్ల్యూఎంలో ఉందో లేదో చూడండి. మూడు పిన్నుల ఫ్యాన్‌ని పీడబ్ల్యూఎంలో పెడితే అది ఎప్పుడూ ఫుల్ స్పీడే, దాన్ని డీసీకి (వోల్టేజీతో స్పీడు మార్చే పద్ధతి) మార్చాలి. మీ ఎండలకి ఏ వేడి దగ్గర ఫ్యాన్ ఎంత స్పీడో చెప్పే నాలుగు బిందువులూ ఇలా పెట్టండి: 60 దగ్గర 35 శాతం, 72 దగ్గర 50, 80 దగ్గర 65, 86 దగ్గర 100. రైజెన్ ఒక క్షణం పనికే పది డిగ్రీలు ఎగిరి మళ్లీ దిగుతుంది, ఆ ఎగుడుదిగుళ్లకి ఫ్యాన్ ఉలిక్కిపడకుండా 'స్టెప్ అప్ టైమ్' ఉన్నవాటిలో అన్నిటికంటే ఎక్కువది ఎంచండి. చెవికి ఒకే తీరు హోరు అలవాటవుతుంది, ఎక్కుతూ దిగుతూ ఉండేదే విసిగిస్తుంది. వేసవికి ఒక ప్రొఫైల్, చలికాలానికి ఒకటి సేవ్ చేసుకోండి.

రైజెన్ మాస్టర్‌లో ఎకో మోడ్ (తక్కువ కరెంటుతో నడిపే సెట్టింగు) కూడా పెట్టి చూడండి. 76 వాట్ల హద్దు 61 దగ్గరకి దిగుతుంది. రెండరింగ్ కొద్దిగా ఆలస్యమవుతుంది గానీ వేడి చాలా తగ్గుతుంది. చివరి వంద మెగాహెర్ట్‌జ్ కోసమే ప్రాసెసర్ ఎక్కువ కరెంటు తాగుతుంది. గ్రాఫిక్స్ కార్డుకి ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 80 శాతం చాలు.

వార్ధాఒడ్డు (బల్లార్షా):

కూలర్ ఆర్డర్ పెట్టిన. ఇంకో రెండు. డెజర్ట్ కూలర్ ఈ రూంలకు తెస్తే తేమకు పీసీ పాడైతదా? ఇంక కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వచ్చినప్పుడు ఒక రకం జుయ్‌మని సౌండ్, అది ఏ ఫ్యాన్‌దో దొరుకుతలేదు.

మిర్చియార్డు (ధర్మాబాద్):

డెజర్ట్ కూలర్ తే, బేఫికర్. రూం ఆరు డిగ్రీలు దిగితే ప్రాసెసర్ గూడ ఆరు దిగుతది, దీన్ని మించిన కూలింగ్ ఏ దుకాణంల దొరకది. లోపలి సామాను గాలి కంటె వేడిగనే ఉంటది కాబట్టి నీరు పట్టది. కానీ గాలి సూటిగ పీసీ మీదికి కొట్టొద్దు. ప్యాడ్లకెల్లి తుంపర్లు ఎగిరి, ఆ బోరు నీళ్ల ఉప్పు తెల్లగ అంటుకుంటది. ఆరేడు అడుగుల దూరం ఉంచి ఎదురు కిటికీ తెరువు. జూన్‌ల వాన పడ్డంక అది ఏం పని చెయ్యది, బంద్ పెట్టు.

ఆ జుయ్‌మనుడు ఫ్యాన్‌ది కాదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఎస్ఎంపీఎస్ కాయిల్ చేసే సౌండ్ అది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరో యూపీఎస్సో పెడితేనే పోతది.

గంజాంగాలి (బరంపురం):

డెజర్ట్ కూలర్ మాట మీ పొడి ఎండలకే. గోపాల్‌పూర్ గాలి తగిలే మా వైపు వాళ్లెవరైనా ఇది చదివి కూలర్ పెట్టుకుంటే రూం చల్లబడదు, ఉప్పు తేమకి హీట్‌సింక్ రేకులూ మరలూ తుప్పెక్కుతాయి. ఇక్కడ దుమ్ము కూడా తడిసి అట్టకడుతుంది, నెలకోసారి బ్రష్ పడాల్సిందే.

మిర్చియార్డు (ధర్మాబాద్):

ఇంకోటి తమ్మీ. వెనక ఫ్యాన్ చల్లగున్నప్పుడు గరగరమని, అయిదు నిమిషాలకు సదురుకుంటే బేరింగ్‌ల నూనె ఎండిందని అర్థం. స్టిక్కర్ లేపి, లోపల రబ్బరు మూత ఉంటే అది గూడ తీసి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వెయ్యి. రెండు మూడు నెలలు ఆగుతది, అంతల కొత్తది తెచ్చుకో. కొబ్బరినూనె మాత్రం పొయ్యకు, డిసెంబర్‌ల గడ్డకట్టి ఫ్యాన్ ఆగుతది.

నాగావళి (రాయగడ):

కూలర్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర మీద సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని వస్తే కంగారు పడకండి. ఫ్యాన్ తీగ బోర్డు మీద 'సిస్ ఫ్యాన్' పిన్నులకి పోయి ఉంటుంది. ఆపి, ప్లగ్ తీసి, 'సీపీయూ ఫ్యాన్ 1' అని రాసున్న దానికి మార్చండి.